అల్లుడి కొలత

"గుమ్మానికి వీపు ఆనించు. మడమలు లేపావో, చూస్తా!" అన్నాడు మేస్త్రీ.

ఇనుము పోతకు చెక్క అచ్చులు చేసే ఆయన వెంట్రుకవాసి తేడాను కూడా ఒప్పుకోడు. అల్లుడు ఐదున్నర అడుగులకు తగ్గకూడదని ఆయన పట్టు. కూతురు ఏరికోరి తెచ్చుకున్న కొలిమి పనివాడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

మేస్త్రీ జేబులోంచి స్కేలు తీసి కింది నుంచి పైదాకా కొలిచాడు.

"అర అంగుళం తక్కువ. సంబంధం కుదరదు."

"నాన్నా, అది అచ్చుల స్కేలు!" అంది కూతురు. "ఇనుము చల్లారితే కుంచించుకుపోతుందని గీతలు కాస్త ఎడంగా గీసిన స్కేలు. దాంతో కొలిస్తే తాటిచెట్టు కూడా పొట్టిదే!"

మేస్త్రీ కుర్రాడి వైపు తిరిగాడు. "నీకూ తెలుసా?"

"తెలుసు మావయ్యగారూ. మీరు పొరపాటు పడరు కదా అని ఊరుకున్నాను."

మేస్త్రీ స్కేలు వంక చూశాడు. మామూలు స్కేలు కూడా అదే జేబులో ఉంది. ఎన్నో ఏళ్ళుగా, చూడకుండానే తనకు కావలసినదాన్ని తీసే చెయ్యి అది. ఇవాళ కూడా కావలసినదాన్నే తీసిందని ఆయనకు అర్థమైంది.

మామూలు స్కేలుతో మళ్ళీ కొలిచాడు.

"ఎంత నాన్నా?"

"సరిపోయాడులే," అని గొణిగాడు. "ఆ జుట్టు తడిపి అణచమను. ఇంకొక్కసారి చూస్తాను."