మూడు కుండీల సాగు

"ఇది ఆకా, జల్లెడా?"

మామగారు వంగ ఆకును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. కంటికి భూతద్దం బిగించి ఉంది. గడియారాలు బాగుచేసిన రోజుల నాటిది అది. దుకాణం ఎప్పుడో మూసేశారు కానీ, భూతద్దం మాత్రం ఆయన చొక్కా జేబును వదల్లేదు. ప్లాస్టరు వేసిన కాలు ఎదురుగా స్టూలు మీద ఉంది.

కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. డ్యూటీ దిగి నేరుగా డాబా మీదకి వెళ్ళి వచ్చినట్టుంది, కండక్టరు యూనిఫారం ఇంకా మార్చుకోలేదు.

"నా కుండీలోదే మామయ్యా. నిన్నటిదాకా బాగానే ఉంది."

"నిన్న ఆకు తిరగేసి చూశావా?"

"లేదు."

"అదీ సంగతి! పురుగు పైకొచ్చి నిన్ను టికెట్టు అడుగుతుందనుకున్నావా? అడుగున దాక్కుని తింటుంది. పొద్దున్నే ఒక్కోదాన్నీ చేత్తో ఏరెయ్. తరవాత నీళ్ళలో కాస్త వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఆకుల అడుగున కొట్టు. సాయంత్రమే సుమా, ఎండలో కొడితే మాడిపోతాయి."

"అలాగే మామయ్యా."

"నా వంగ మొక్కల్ని చూసి నేర్చుకోవమ్మా. వాటికి నువ్వు నీళ్ళు తప్ప ఏమీ పొయ్యవు కదా, ఒక్క ఆకుకైనా చిల్లుందా?"

"అబ్బే! నిక్షేపంలా ఉన్నాయి."

మామగారు మీసం సవరించుకున్నారు. ఆయన కాలు విరిగిన కథ వీధంతా చెప్పుకుని నవ్వింది. సొరకాయను చంటిపిల్లలా ఎత్తుకుని డాబా మెట్లు దిగుతూ జారారు. సొరకాయకు గీత కూడా పడలేదు. మళ్ళీ పడితే ఇక నడక మీద ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా, మిరప మొక్క వాలిందని కొడుకు నోరుజారిన రోజున ఈయన ప్లాస్టరు కాలితోనే మెట్లెక్కబోయారు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని దింపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

ఆ మర్నాడే కోడలు మూడు కుండీలు కొనుక్కొచ్చి, "మీరు పెట్టినవే నేనూ పెడతాను, నేర్పండి మామయ్యా" అంది. శిష్యురాలు దొరికిందని ఆయన మురిసిపోయారు. షరతు మాత్రం ఒకటి పెట్టారు. "నీ మొక్కల్ని ఏమైనా చేసుకో. నేను కళ్ళారా చూడందే నా మొక్కలకి చుక్క మందు పడకూడదు." కొడుకు ఎక్కడో చదివి బకెట్టుడు సబ్బునీళ్ళు కుమ్మరించి టమాటా మొక్కల్ని సాంతం చంపినప్పటి నుంచీ ఆ ఇంట్లో అదే చట్టం.

ఇక శిష్యురాలి మొక్కలకు పట్టని జబ్బు లేదు. ఒకరోజు చిక్కుడు తీగకు పేనుబంక, ఇంకోరోజు సొర ఆకుకు బూడిద తెగులు. రోజూ ఒక ఆకు, రోజూ చీవాట్లు.

"బస్సులో జనం తిట్టేది చాలదా? ఇంటికొచ్చి నాన్న చేత కూడా ఎందుకు?" అని నవ్వేవాడు భర్త.

"అవి వట్టి తిట్లు. ఇవి పనికొచ్చే తిట్లు" అనేది కోడలు.

చీవాట్లు అయ్యాక మామగారు రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది. "విత్తనం కాయ ఎలా ఉంది?"

అది తెల్లవంకాయ. అత్తగారు పోయేముందు తన చేత్తో దాచిన విత్తనం అది. ఏటా ఒక కాయను కొయ్యకుండా పండబెట్టి, దాని గింజలే మళ్ళీ చల్లేవారు మామగారు. ఈసారి మిగిలిన గింజల్ని ఎలుక తినేసింది. ఆ రకానిది ఉన్నది ఒక్క మొక్క, దానికి ఎర్రదారం కట్టిన ఒక్క కాయ. అది పండకపోతే ఆమె చేతి విత్తనం ఆ ఇంట్లో ఇక ఉండదు.

"పసుపు రంగు తిరుగుతోంది మామయ్యా" అనేది కోడలు.

ఒకరోజు ఆమె ఆకు తేలేదు. గుప్పెట్లో తడిమట్టి తెచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా వంగ మొక్క వాడిపోతోంది మామయ్యా. నీళ్ళు పోస్తున్నా తల ఎత్తడం లేదు."

ఆయన మట్టిని వాసన చూసి మొహం చిట్లించారు. "కుళ్ళు వాసన! ప్రేమ ఎక్కువై ముంచేశావు. కుండీ అడుగు కన్నం మూసుకుపోయింది. పుల్లతో పొడిచి నీరు దింపు. ఇటుకల మీదకి ఎక్కించు. మట్టి ఆరేదాకా నీళ్ళ జోలికి పోకు."

"బతుకుతుందంటారా?"

మామగారికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"మూడు కుండీల సాగుకి ఇంత ఏడుపేమిటే పిచ్చిపిల్లా! పోతే పోనీ. నా విత్తనంలో నీకూ నాలుగు గింజలిస్తాలే."

ఆ మాటకు కోడలు వెక్కి వెక్కి ఏడుస్తూ డాబా మీదకి పరుగెత్తింది.

ప్లాస్టరు తీసిన రోజున మామగారు ఇంట్లోకి కూడా వెళ్ళలేదు. కొడుకు భుజం పట్టుకుని నేరుగా డాబా ఎక్కారు. చిక్కుడు తీగ గుత్తులతో కిందికి వంగి ఉంది. మిరప విరగకాసింది. ఇటుకల మీద కూర్చున్న కుండీలో తెల్లవంగ మొక్క, దానికి ఎర్రదారంతో పసుపుపచ్చగా పండిన కాయ. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎర్రదారాన్ని బొటనవేలితో నిమిరారు.

"చూశారుగా, పెంచిన చెయ్యి మహిమ!" అన్నారు మీసం సవరించుకుని. "ఉత్త నీళ్ళతోనే ఎలా నిలబడ్డాయో! ఇంతకీ అమ్మాయ్, నీ రోగిష్టి మొక్కలేవీ?"

"ఎందుకులెండి మామయ్యా, ఎండగా ఉంది, కిందికి పదండి."

"గురువు దగ్గర సిగ్గేమిటి? జరుగు."

చేతికర్రతో ఆమెను పక్కకు జరిపి, నీళ్ళ ట్యాంకు వెనక్కి తొంగి చూశారు.

మూడు కుండీల్లోనూ ఇంకా మట్టే పొయ్యలేదు.