పద్నాలుగో దీపం

పుణె దాటినప్పటి నుంచీ ఆ ముసలాయన వాళ్ల వెనకే వస్తున్నాడు.

పాత సైకిలు, నెరిసిన గడ్డం, పసుపురంగు రెయిన్‌కోటు. వాళ్లు ఆగితే ఆగుతాడు. కదిలితే కదులుతాడు.

సైకిళ్ల మీద కొంకణ్ సముద్రం దాకా వెళుతున్న బృందం అది. లీడర్ ముకుల్‌తో కలిపి పద్నాలుగు మంది. అందరికన్నా నెమ్మది ఋతుజ, ఆమెకిదే మొదటి టూరు. బయలుదేరేటప్పుడు వాళ్లమ్మ ముకుల్ చేతులు పట్టుకుని, పిల్లను వెనక వదిలేయకు నాయనా అని మరీ మరీ చెప్పింది.

ముసలాయన సరిగ్గా ఋతుజ వెనకే ఉంటున్నాడు. అదే ఎవరికీ మింగుడుపడలేదు.

ఘాట్ రోడ్డు పైన, అందరూ మావ్శి అని పిలిచే శేవంతా పిన్ని టీకొట్టు దగ్గర ఆగి, వడాపావ్‌లు తింటూ తలో మాటా అన్నారు. దొంగేమో అన్నారొకరు. ఆడపిల్ల వెంటపడే వయసా అని ఇంకొకరు నవ్వారు.

ఋతుజకు నవ్వు రాలేదు.

"చైన్ జారి నేను ఆగితే, ఆయనా ఆగాడు దాదా. భయంగా ఉంది," అంది, అన్నలా చూసుకునే ముకుల్‌తో.

ముకుల్ లేచి వెళ్లాడు.

"ఏం కాకా, మా పిల్లతో నీకేం పని?"

"ఏమీ లేదు. చివర ఒకరుండాలి కదా అని."

"అది మేం చూసుకుంటాం. ఘాట్‌లో మా వెనక కనిపించావంటే మర్యాద దక్కదు. ముందు నువ్వు దిగు."

ముసలాయన టీ సగంలో వదిలేసి లేచాడు. సైకిలెక్కబోతూ ఆగాడు.

"మబ్బు దిగుతోంది. దీపాలు చూసి లెక్కపెట్టకు బాబూ. మొహాలు చూడు."

ముకుల్‌కు ఒళ్లు మండింది. ఎన్ని టూర్లు నడిపినవాడు, అతనికా పాఠాలు? మావ్శి ఆ పెద్దాయన గురించి ఏదో చెప్పబోయింది గానీ, వినే ఓపిక అతనికి లేదు.

సగం ఘాట్ దిగేసరికి మబ్బు కమ్మేసింది. మధ్యాహ్నమే చీకటి పడినట్టయింది. ముందు సైకిలు దీపం తప్ప ఏమీ కనబడదు. పక్కన లోయలో నీళ్ల చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది.

కింద వంతెన మీద ముకుల్ ఆగాడు. వాన కళ్లలోకి కొడుతోంది. ఆగిన దీపాలను వేలితో లెక్కపెట్టాడు. తనదీ కలిపి పద్నాలుగు. ఊపిరి పీల్చుకున్నాడు.

వరస చివర్నుంచి ఎవరో నడిచొచ్చారు. ముసలాయన. ముందే దిగి, వీళ్ల కోసం అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఒకరు తక్కువ," అన్నాడు.

"నువ్వింకా పోలేదా? పద్నాలుగూ ఉన్నాయి."

"అందులో నాది..."

ముకుల్ విజిల్ ఊదాడు. సైకిళ్లు కదిలాయి.

ముసలాయన తన సైకిలు వెనక్కి తిప్పి, మళ్లీ ఘాట్ ఎక్కసాగాడు. పీడ వదిలిందనుకున్నాడు ముకుల్.

ఊళ్లో ఖానావళిలో అందరూ భోజనానికి కూర్చున్నారు. ఒక కంచం ముందు మాత్రం ఎవరూ లేరు.

ఋతుజ నీ వెనక లేదా అంటే నీ వెనక లేదా అనుకున్నారు. ముకుల్ చేతిలో అన్నం చేతిలోనే ఉండిపోయింది.

జీపు మాట్లాడుకుని ఘాట్‌కు పరుగెత్తారు. ఒక మలుపులో, గట్టుకు ఆనించిన పాత సైకిలు కనిపించింది. దీపం ఇంకా వెలుగుతోంది.

లోయ అంచున పొదల్లో, జారిపడి వంగిపోయిన ఆమె సైకిలు పక్కన, ముసలాయన ఒళ్లో ఋతుజ తల ఉంది. ఆయన రెయిన్‌కోటు ఆమె మీద కప్పి ఉంది.

"ఒక్క బండీ రాలేదు. ఫోను కలవలేదు," అన్నాడాయన. "ఇప్పుడే పోయింది. అప్పటిదాకా మాట్లాడుతూనే ఉంది. మీవాళ్లు వస్తారమ్మా, వస్తారమ్మా అని చెబుతూనే ఉన్నాను."

ముకుల్ అప్పుడు ఋతుజ మొహం చూశాడు.

జీపు డ్రైవరు ముసలాయనకు దణ్ణం పెట్టి, ఆయన్ను లేవనెత్తి తీసుకెళ్లి సీట్లో కూర్చోబెట్టాడు. అతను తిరిగొచ్చాక ముకుల్ అడిగాడు, ఎవరాయన అని.

"ఒకప్పుడు ఆయనా మీలాగే లీడరు," అన్నాడు డ్రైవరు. "ఆ వంతెన మీదే, ఎవరిదో దీపం కలిపి లెక్కపెట్టుకుని, కన్నకొడుకును ఈ లోయలో వదిలేసి వెళ్లినవాడు."