అన్న దొరికినాడా?

మధ్యాహ్నం బస్సు హొసకోట దాటగానే ధనుశ్రీ కెమిస్ట్రీ పుస్తకం తెరిచి, దాని మధ్యలో లైబ్రరీ నుంచి తెచ్చిన కన్నడ నవల పెట్టుకుంది. నవలకు వేసిన క్యాలెండర్ కాగితం అట్ట మాత్రం పక్కనుంచి తొంగిచూస్తూనే ఉంది.

సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు, పరీక్షలు ఇంకా ఇరవై రోజులే. అయినా మనసు ఊరుకుంటే కదా! తప్పిపోయిన అన్న కోసం కథలో ఓ చెల్లెలు ఊరూరా తిరుగుతోంది. ఆ పిల్లను నడిరోడ్డు మీద వదిలేసి ఆసిడ్లూ బేసులూ ఎవరు చదువుతారు?

సగంలో ఎవరో పేజీ మూల మడిచిపెట్టారు. పుస్తకాలు పాడుచేసే దరిద్రులు అని తిట్టుకుంటూ దాన్ని సాపు చేసింది.

"ఆ పాపకు అన్న దొరికినాడా?"

ధనుశ్రీ ఉలిక్కిపడింది.

పక్క సీటు నుంచి ఒక పెద్దాయన వంగి అడుగుతున్నాడు. మాసిన టవలు, ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే మనిషి. వారం నుంచీ అదే బస్సు, అదే చూపు.

దొంగకు తేలు కుట్టినట్టయింది ధనుశ్రీకి.

మధ్య పరీక్షలో రెండు సబ్జెక్టులు తప్పినప్పుడే నాన్న నరసింహయ్య తేల్చి చెప్పాడు.

"ఇంగ కథబుక్కు చేతిలో కనపడిందో, కాలేజీ బంద్. ప్యానెళ్లు కడగను పోదువు. బస్సులో నువ్వేం చదివేదీ నాకు చెప్పేవాళ్లుండారు, జ్ఞాపకం పెట్టుకో!"

చెప్పేవాడు ఈయనే! భుజం మీదుగా చదువుతున్నాడు కూడా. లేకుంటే కథ ఎలా తెలుస్తుంది?

"నాకు తెల్దు," అంది విసురుగా.

మర్నాడు మళ్లీ అడిగాడు.

"ఇంగా ఎన్ని పేజీలుండాయి పాపా? అయిపోతే నాకొక మాట చెప్పవా?"

మూడోనాడు ఇంకాస్త వంగాడు.

"దొరికినాడా?"

భయం కోపమైంది. ధనుశ్రీ పుస్తకం టక్కున మూసి లేచి నిలబడింది.

"కండక్టర్! ఈయన దినామూ నా మీదికి వంగుతా ఉండాడు!"

ఆ మాట చాలదూ? బస్సంతా లేచింది. ఒకడు ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఈ వయసులో ఏందప్పా నీకీ బుద్ధి? ఏం చూస్తా ఉండావు ఆడ?"

నిజం చెబితే ధనుశ్రీ గుట్టు రట్టయ్యేది. ఆయన ఒకసారి కెమిస్ట్రీ పుస్తకం వైపు చూశాడు. తర్వాత వణుకుతున్న ఆమె ముఖం చూశాడు.

"ఏమీ లేదప్పా. తప్పయినాది," అన్నాడు.

ఎటు చూసినా ప్యానెళ్లే తప్ప చెట్టు నీడన్నది లేని చోట ఆయన్ను దించేశారు. పీడ వదిలిందనుకుంది ధనుశ్రీ.

ఆయన మళ్లీ బస్సులో కనపడలేదు.

నవల హాయిగా ముగించింది. కథలో అన్న దొరికాడు. పరీక్షలూ బాగానే రాసింది.

చివరి పరీక్ష అయిన రోజు పుస్తకం తిరిగివ్వడానికి హొసకోట లైబ్రరీకి వెళ్లింది. లైబ్రరీ చూసుకునే లక్ష్మక్క దాన్ని చేతిలోకి తీసుకొని నిట్టూర్చింది.

"ఇది మన లైబ్రరీకిచ్చిన దాసన్న పోయినాడు పాపా. పది దినాలాయ. ఈ క్యాలెండర్ అట్ట గూడా ఆయప్ప వేసిందే."

"దాసన్న ఎవరక్కా?"

"ప్యానెళ్లు కడుగుతా ఉండె. ఎడంచేతికి రెండు వేళ్లుండవు చూడు, ఆయప్ప. ఎందుకో బస్సెక్కేది మానుకొని దినామూ ఎండలో నడిచే పోతా ఉన్నాడంట. ఎండదెబ్బకు దోవలోనే పడిపోయినాడు."

ధనుశ్రీ బల్ల అంచు పట్టుకుంది.

"ఆయన మా నాయనకు చెప్పేదానికి కదక్కా, నా పక్క నుంచి చదువుతా ఉండె?"

"చదివేదేంది పాపా? ఆయప్పకు ఒక్క అక్షరం గూడా రాదు. వేలిముద్రే."

"మరి కథ ఎట్ల తెలుసు?"

లక్ష్మక్క మొదటి పేజీ తిప్పి చూపించింది. నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాలు. శశి, సెకండ్ పీయూసీ.

"కూతురు. దినామూ సాయంత్రం నాయనకు చదివి చెప్తా ఉండె. మిగిలింది నేను చదివి చెప్తా దాసన్నా అంటే వద్దనె. శశి ఈడు పాప ఎవరన్నా చదివితే, ఆ నోట వినాల్లంట."

సాపు చేసిన మడత ఇంకా గీతగా కనిపిస్తూనే ఉంది. ధనుశ్రీ దాని మీద వేలు పెట్టింది.

"ఈడిదాకేనా అక్కా, వాళ్లు చదివింది?"

"ఈడిదాకే. పరీక్షలైనాక చదువుకుందువులే అని ఆయప్పే ఆ పాప చేతిలో నుంచి దీన్ని పెరుక్కొని అటకెక్కించినాడు, పరీక్షలు రాకముందే శశి జ్వరమొచ్చి పోయె."