బల్ల మీది పేరు

ప్రార్థన మొదలైనప్పుడు బల్ల మీద పేరుంది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి లేదు. మలేషియాలో హుటాన్ మెలింటాంగ్ తెలుగు చర్చిలో ప్రతి ఆదివారమూ ఇదే తంతు.

"హంటు లా," అంది వెనక వరసలో జాక్వెలిన్. "దెయ్యం కాకపోతే ఏటి? అందరం కళ్ళు మూసుకునే ఉన్నాం."

"నువ్వు మూసినావేటి?" అన్నాడు ఆమె మొగుడు మాథ్యూ.

"ఒకటి మూసినాను. రెండోదాంతో సూసినాను. ఎవులూ లెగలేదు."

ముందు బల్ల మీద రేమండ్ లోలోపల నవ్వుకున్నాడు. గీకింది ఆయనే. బొటనవేలి గోటితో.

ఆ చర్చిలో బల్లలన్నీ ఆయన చేయించినవే. వడ్రంగి సెల్లప్పన్‌కి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. 'ఇది నీకూ నాకూ మధ్యే, ప్రభువా' అని మాటిచ్చుకున్నాడు. ఊరు పిసినారి అంది. అననిచ్చాడు. కానుకల సంచీ కూడా ఆయన ముందు ఆగడం మానేసింది.

చివరికి సెల్లప్పన్, రేమండ్ కొడుకు మార్విన్ దగ్గర నోరు జారాడు. మార్విన్ ఊరుకోలేదు. పడవలకి రంగులేసే పని వాడిది. సముద్రమే చెరపలేని ఎర్ర రంగుతో, సుమత్రాలో నిలబడి చదువుకునేంత పెద్దగా, తండ్రి పేరు ముందు బల్ల మీద రాశాడు. పోయినప్పుడల్లా మళ్ళీ రాస్తున్నాడు.

ఆ పేరు అక్కడున్నంతకాలం రేమండ్‌కి నిద్ర పట్టదు. వద్దురా అని చెప్పి చూశాడు. మార్విన్ వినిపించుకుంటేగా.

మరుసటి ఆదివారం బయట వాన. పట్టపగలే చీకటి. దెయ్యానికి జడిసి ముందు బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. రేమండ్ భార్య రోజ్ మాత్రం, ఎప్పటిలాగే ఆయనకి చోటు వదిలి, ఓ చివర కూర్చుంది.

పాస్టరు ప్రార్థన అందుకున్నాడు. ఆయన అందుకుంటే పొయ్యి మీది అన్నం ఉడికి, మాడి, చల్లారాల్సిందే. రేమండ్ పని మొదలెట్టాడు. ఈసారి రంగు మీద వార్నిష్ కూడా పూశాడు వెధవ. ఎర్రటి పెచ్చులు రోజ్ చీర మీద రాలాయి.

ఆమె కళ్ళు తెరవకుండానే గొణిగింది. "సాల్లే. పిల్లోడు జడుసుకుంటాడు."

ఆమెన్.

మార్విన్ వచ్చి ఉత్త చెక్కని తడిమాడు. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇంక రాయనమ్మా. ఊరంతా నాన్నని పిసినారంటే నీకేటీ అనిపించదా?"

"మీ నాన్నకే అనిపించలేదురా. నాకేటి?"

"రంగు డబ్బా ఏటి సెయ్యమంటావు?"

"పడవలకేసుకో."

మార్విన్ డబ్బా మూత బిగించాడు. తల్లిని గొడుగు కిందకి తీసుకుని బయటికి నడిచాడు.

చర్చి ఖాళీ అయ్యాక రేమండ్ తేలిగ్గా లేచి, వానలో తడవకుండా వెనక పెరట్లోకి నడిచి, పోయిన క్రిస్మస్‌కి తన కోసం పాతిన సిలువ కిందకి దిగి పడుకున్నాడు.