సన్న గొట్టం పాఠం

"రుద్దగూడదు. కొన అట్ల తాకిస్తే చాలు, దానంతటదే తాగుతుంది" అన్నాడు కుళ్ళాయప్ప, కొత్త షుగర్ మిషన్‌కు పట్టీ తగిలిస్తూ.

"ఏమి తాగుతాది?" అంది భార్య బయమ్మ, చెంబెడు నీళ్లు ఖాళీ చేసి.

"నెత్తురు. ఈ పట్టీలో వెంట్రుకంత సన్న గొట్టం ఉండాది. అట్లాంటి దాంట్లో నీళ్లైనా నెత్తురైనా పైకి పాకాల్సిందే. తలతన్యత అంటారు. ఈ పాఠం కాలేజీలో ఎన్నేండ్లు చెప్పినానో!"

"తెలుసులే. సన్న పైపేస్తే నీళ్లు బాగా ఎక్కుతాయని మన బోరుకు వేయిస్తివి గదా. మోటారు కాలిపాయ."

"ఆ తెలివి చూసే గదా నన్ను రిటైర్ చేసినారు!" అని తనమీద తనే నవ్వుకున్నాడు కుళ్ళాయప్ప.

పైకి నవ్వేగానీ లోపల వణుకే. ఈ పొద్దున పరగడుపున చూసి ఫోన్ చెయ్యమని, రెండొందలు దాటితే ఇన్సులిన్ తప్పదని నిన్న డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. అంటే బతికినన్నాళ్లూ రోజూ సూది. టీవీలో ఎవరికో ఇంజెక్షన్ వేస్తుంటేనే చానల్ మార్చే మనిషి అతను.

బయమ్మ మళ్లీ కుండలో చెంబు ముంచింది.

"ఎన్ని నీళ్లు తాగుతావే? రాత్రంతా అదే పని."

"ఎండలయ్యా. అనంతపురంలో గొంతు ఆరకుండా యాడుంటాది?"

కుళ్ళాయప్ప ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దేవుణ్ణి తలుచుకుని, గట్టిగా కళ్లు మూసుకుని సూది పెన్ను నొక్కాడు. టక్కుమంది. కళ్లు తెరిచి చూస్తే వేలి కొసన ఎర్రటి చుక్క. పట్టీ తాకించగానే అది లోపలికి పాకింది.

"చూడు చూడు, ఎక్కతాండాది! నేను చెప్పల్యా!"

మిషన్ మీద 312 పడింది.

సంబరం అక్కడికక్కడే చచ్చింది. "పట్టీది తప్పు. చుక్క పెద్దదైనట్టుండాది" అంటూ వేలు తుడిచి, ఇంకో పట్టీ పెట్టాడు. మళ్లీ మూడొందల పైనే.

"ఎట్ల సాధ్యం? ఇంత రాకూడదు గదా!" అన్నాడు నీరసంగా. "పెద్ద తెలివైనోన్ని అనుకొంటి. నా అంత తిక్కోడు ఈ జిల్లాలోనే లేడు."

"ఇప్పుడు డాక్టరుకేం చెప్తావు?" అంది బయమ్మ, చెంబు ఎత్తి గటగటా తాగుతూ.

కుళ్ళాయప్ప ఫోన్ పక్కన పెట్టేశాడు. ఆ చెంబు వైపే చూస్తూ, రాత్రి నుంచి ఆమె దాన్ని ఎన్నిసార్లు ముంచిందో లెక్కపెట్టాడు.

సూదికి భయపడి అతను గుచ్చింది బయమ్మ వేలిని.