నమ్మకమైన వీధి

మైకు గరగరమనగానే మామెంగ్ చేతిలో చీపురు ఆగిపోయింది.

ఈ వీధికి మైకు రావడం ఆమె ఎరగదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఇక్కడే ఉంటోంది. ఉంటున్న గది తనది కాదు, మనీలాలో ఉండే ఓ పెద్ద కుటుంబం వాళ్ళది. కనిపెట్టుకుని ఉండమని తాళం ఆమెకిచ్చారు. వీధి ఊడుస్తుంది, ఇరుగుపొరుగు ముంగిళ్ళు కడుగుతుంది. వాళ్ళ చుట్టాలు ఏడాదికోసారి వంటలు మోసుకుని గుంపులుగా వస్తారు, ఆమె చేతిలో ఇంత పెట్టి పోతారు. ఆ తర్వాత అయిపు లేకుండా పోతారు. ఇక ఇక్కడివాళ్ళంటారా, ఇన్నేళ్ళలో ఆమెను పల్లెత్తు మాట అన్నది లేదు. అంత మర్యాదస్తులు ఎక్కడా దొరకరు.

వచ్చింది మేయరు లుముంతాద్ గారు. కొత్త పొద్దు పార్టీ తరఫున మళ్ళీ నిలబడ్డాడు. వెనకే ఆయన కుడిభుజం అర్నుల్ఫో. ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. రెండో చేత్తో మేయరు మొహం అచ్చేసిన అట్ట విసనకర్రలు ఒక్కొక్కరి ముందు పెట్టుకుంటూ వస్తున్నాడు. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. అతనూ ఎదురుచూడలేదు.

"సోదర సోదరీమణులారా! మొదటిది పన్ను!" మేయరు గొంతు ఖంగుమంది. "ఈ అపార్ట్‌మెంట్లలో ఉన్నందుకు ఐదేళ్ళకోసారి మున్సిపాలిటీకి డబ్బు కట్టాలట. కట్టకపోతే మిమ్మల్ని బయట పారేస్తారట. ఎవడయ్యా ఈ దిక్కుమాలిన పన్ను వేసింది?"

"మీరే సార్," అన్నాడు అర్నుల్ఫో నెమ్మదిగా.

"అందుకే నేనే తీసేస్తా! ఇక ఎవరి చోట వాళ్ళు నిశ్చింతగా పడుకోండి!"

ఒక్కరూ కిమ్మనలేదు. మేయరు ముచ్చటపడిపోయాడు.

"చూశావటోయ్? అడగరు, అలగరు, మాట మార్చరు. ఊరు మొత్తమ్మీద ఇంత నమ్మకమైన వీధి ఇంకోటుందా?"

"లేదు సార్. రెండోది చెప్పండి."

"రెండోది రవాణా! పెద్దరోడ్డు నుంచి ఇక్కడిదాకా ఉచితంగా జీప్నీ బండి. మీవాళ్ళు మిమ్మల్ని ఎప్పుడంటే అప్పుడు చూసి పోవచ్చు. మీరూ ఎక్కడికంటే అక్కడికి తిరిగి రావచ్చు!"

అర్నుల్ఫో దగ్గాడు. "తిరగడం వద్దు సార్. వీళ్ళు తిరగడం మొదలుపెడితే ముందు మనకే కష్టం."

"సరే, అది కొట్టెయ్. మూడోది వైద్యం!"

"అదసలే వద్దు సార్. ఈ వీధిలో ఒంట్లో బాలేదన్నవాళ్ళు లేరు."

"లేకపోతేనేం? మ్యానిఫెస్టోలో ఉంది, చెప్పాల్సిందే. ఈ వీధి మొదట్లోనే ఆసుపత్రి! పిలిస్తే చాలు, ప్రతి గుమ్మంలోకీ అంబులెన్సు!"

మామెంగ్ చీపురు పారేసి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యా, నేను పిలుస్తానయ్యా! మా ఆయనకి వానలు మొదలైనప్పటి నుంచీ ఊపిరాడట్లేదు. రాత్రంతా కూచునే ఉంటాడు. మీ మున్సిపాలిటీ ఆసుపత్రికి తీసుకెళ్తే, ఈ ఊళ్ళో ఓటున్నవాళ్ళకే ఉచితం అంటున్నారు. ఓటు రాయండయ్యా అంటే, ఈ చిరునామాకి రాయం పొమ్మంటున్నారు. ఈ వీధిలో అందరికీ ఉంది కదయ్యా! మాకేం తక్కువ?"

మేయరు నవ్వు మొహం మీదే నిలిచిపోయింది.

"ఈవిడెవరు?"

"ఇక్కడే ఉంటుంది సార్. ఓటు లేదు."

"ఓటు లేకుండా ఇంతసేపు మాట్లాడిందా? వీడియోలో ఉంచకు," అనేసి ఆయన జీపు వైపు నడిచాడు. పోతూ పోతూ రెండు వైపులా వంగి వంగి దండాలు మాత్రం పెట్టాడు.

మామెంగ్ అర్నుల్ఫోకు అడ్డం నిలబడింది. ఒళ్ళు మండిపోతోంది ఆమెకు, ఏడుపూ వస్తోంది.

"పోయినసారి మీరెవరూ ఇటు తొంగిచూడలేదు. అయినా ఓట్లన్నీ మీకే పడ్డాయిగా. ఇప్పుడెందుకొచ్చారు, ఈ తమాషా ఏంటి?"

"అదే కదా పెద్దమ్మా గొడవ! ప్రచారానికి అడుగైనా పెట్టకుండా వీధి మొత్తం ఓట్లు మీకెలా పడ్డాయని అవతలిపార్టీ వాళ్ళు కోర్టుకెక్కారు. అందుకే ఈసారి పద్ధతి ప్రకారం వచ్చి, అడిగి మరీ వేయించుకుంటున్నాం."

లోపలి నుంచి ముసలాయన దగ్గు వినిపించింది. దగ్గి దగ్గి ఆగిపోయింది. మళ్ళీ మొదలయ్యేదాకా మామెంగ్ ఊపిరి బిగబట్టుకుంది. అర్నుల్ఫోకు కూడా మనసు అదోలా అయినట్టుంది. చేతిలో మిగిలిన విసనకర్ర ఆమెకిచ్చాడు.

"ఊపిరాడట్లేదంటున్నావుగా, దీంతో విసురు."

మామెంగ్ దాని మీది నవ్వుమొహం వైపు చూసి, విసిరి కొట్టింది.

"విసనకర్ర కాదు బాబూ, ఓటు కావాలి. ఓటుంటే నా మొగుడికి మందొస్తుంది. ఇంతమందికి రాయించినవాడివి, ఆ ఒక్కడికి రాయించలేవా?"

అర్నుల్ఫో జీపు వైపోసారి చూసి, గొంతు తగ్గించి, ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"బెంగపెట్టుకోకు పెద్దమ్మా, మీ ఆయన పోయిన రోజున నాకొక్క కబురు పెట్టు చాలు, ఈ శ్మశానంలో పడుకున్నవాళ్ళందరికీ రాయించినట్టే ఆయనకీ సాయంత్రానికల్లా ఓటు రాయించేస్తా!"