తోకచుక్క తెచ్చిన నీళ్లు

"వద్దే, నా మాట విను. ఇప్పటికైనా ఇంటికి వెళ్లిపోదాం."

మీటింగు గది తలుపు దగ్గర కూడా తల్లి కూతురి చెయ్యి వదల్లేదు. పొద్దుటి నుంచి ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు. లిఫ్టులో ఇరుక్కుపోతామని నాలుగంతస్తులూ మెట్లెక్కించింది. సంచిలో బీపీ మాత్రలున్నాయో లేవో మూడుసార్లు తడిమి చూసుకుంది.

"ఆ వ్యాసం తప్పని తేలితే, రాసిన మనిషి ఉద్యోగం ఉంటుందా?"

"ఉండదు."

"ఆ మనిషికీ ఒక తల్లి ఉంటుంది కదే! ఈ మాట విని ఆవిడ గుండె ఆగిపోతే?"

"ఆగదులే అమ్మా. గట్టి ప్రాణం."

లోపల పరిశోధనాలయం డైరెక్టరు, ఇంకో నలుగురు ఉన్నారు. తల్లి గోడవారగా కుర్చీ అంచున కూర్చుంది.

డైరెక్టరు బల్ల మీదున్న పాత వ్యాసాన్ని వేలితో తట్టాడు. "గురుగ్రహం పై గాలిలో ఉన్న నీటి ఆవిరి ఆ గ్రహం లోపలి నుంచే ఎక్కిందని ఇందులో ఉంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకి ఇదే పాఠం. ఇప్పుడు కాదంటే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి," అంది కూతురు. "మధ్యలో గడ్డకట్టించే చలి పొర ఉంది. కింది ఆవిరి అక్కడే మంచుగా మారిపోతుంది, పైకెలా వస్తుంది? పైగా ఆ నీరు దక్షిణాన ఎక్కువ, ఉత్తరాన తక్కువ. ఆ వ్యాసానికి కొన్నేళ్ల ముందు గురుగ్రహాన్ని గుద్దుకున్న తోకచుక్క పడింది కూడా దక్షిణానే. ఆ నీళ్లు అది తెచ్చిపోసినవే."

"అంత వ్యాసం రాసిన మనిషికి ఆ మాత్రం తెలియదంటారా?"

"తెలియలేదు. తోకచుక్కను లెక్కలోకే తీసుకోలేదు. తొందర! పేరు కోసం తొందర."

తల్లి కుర్చీలోంచి ముందుకు వంగింది. నోరు అదుపులో పెట్టుకోవే అని కళ్లతోనే బతిమాలింది. కూతురు అటు చూస్తే కదా!

డైరెక్టరు గొంతు మెత్తబడింది. "ఇంకో నెల ఆలోచించుకోండి. ఎవరూ అడగడం లేదు. కదపడం దేనికి?"

ఆ మెత్తదనం వినగానే తల్లికి ఏం పూనిందో, దిగ్గున లేచింది.

"తప్పంటే తప్పేనండీ! ఇందాకటి నుంచీ చెబుతోందిగా!"

అనేశాక భయమేసి మళ్లీ కూలబడింది.

డైరెక్టరు మొహం మాడ్చుకుని ఒక కాగితం ముందుకు తోశాడు. "రాసినవాళ్ల సంతకం లేనిదే ఏ వ్యాసమూ వెనక్కి తీసుకోలేం. తెలుసుగా?"

"తెలుసు."

కూతురు పెన్ను తీసి, ఇరవై ఏళ్ల కిందట ఆ వ్యాసానికి పెట్టుకున్న తన పేరునే ఆ కాగితం మీద రాసింది.